నూకరాజు పడవకు కొత్త వెనక చెక్క

అనకాపల్లి కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి వేసవిలో, చేపల వేట నిషేధం మొదలైన వారానికి, నన్ను పూడిమడక తీరంలో పడవల సర్వేకు పంపారు. నేను ఒక బీమా సంస్థ తరఫున సర్వేయరుగా పనిచేసేవాణ్ణి. పడవ సముద్రంలోకి వెళ్లడానికి తగినదో కాదో చూసి నివేదిక రాయడం నా పని. ఆ నివేదిక లేకపోతే బీమా రెన్యూవల్ జరగదు. వేట ఆగిన రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి మాకు అదే పని కాలం.

మూడో రోజు నూకరాజు పడవ దగ్గరికి వెళ్లాను. పాత ఫైబరు పడవ. అలాంటి పడవల్లో వెనక వైపు అడ్డంగా మూసే గోడలో, రెండు ఫైబరు పొరల మధ్య దళసరి చెక్క ఉంటుంది. నివేదికలో దాన్ని ట్రాన్సమ్ అని రాస్తాం, తీరంలో వెనక చెక్క అంటే చాలు. ఇంజన్ తగిలించేది దానికే. ఇంజన్ బరువు, అది ముందుకు నెట్టే బలం రెండూ ఆ చెక్కే మోయాలి.

చిన్న సుత్తితో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాను. గట్టి చెక్క టక్కుమంటుంది. పై సగం అలాగే పలికింది. కింది సగానికి వచ్చేసరికి తడి గోనెసంచిని కొట్టినట్టు వినిపించింది. లోపలి వైపు నుంచి చిన్న రంధ్రం వేయిస్తే బరమా మొనతో పాటు నల్లటి తడి పొట్టు బయటికి వచ్చింది.

పడవ పనికిరాదని చెప్పాను. నూకరాజు ఆ పొట్టును వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“నిరుడు మీరే సూసి బాగుందని రాసేరు గదా బాబూ. ఏడాదిలో ఏటైపోద్ది?” అన్నాడు.

అతను అడిగింది న్యాయమే. చెక్క ఏడాదిలో అంతగా పుచ్చిపోదు. నిరుటి నా చేతిరాత నోట్సు తీసి చూసుకున్నాను. ఆ రోజు పడవ వెనక భాగంలో వలలు కుప్పగా పోసి ఉన్నాయి. వాటిని తీయించమని నేను అడగలేదు. కనిపించిన పై సగం కొట్టి, మొత్తం బాగుందని రాశాను. ఆ మాట నూకరాజుకు అక్కడే చెప్పాను. పక్కనున్న అతని భార్య పోలమ్మ, “అయితే ఈ చెక్క మీదేనా మా ఇంటాయన ఏడాదంతా ఎల్లొచ్చేడు?” అంది. అవునన్నాను.

పై అధికారికి కూడా నా పొరపాటు లిఖితపూర్వకంగా తెలియజేశాను. నివేదిక నిలిపి ఉంచి, మరమ్మతు దగ్గరుండి చూసి మళ్లీ రాయమన్నారు.

పడవలు కట్టే మేస్త్రీలు ఆ సీజనులో ఎవరూ ఖాళీగా లేరు. పోలమ్మ అనకాపల్లి బజారులో చేపలు అమ్మేది. ఆ పక్కనే తలుపులు, కిటికీలు చేసే జలీల్ దుకాణం. ఆమె అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. నూకరాజుకు నచ్చలేదు. “తలుపులు సేసే మనిషికి పడవ అప్పజెప్పమంటావేటి?” అన్నాడు.

జలీల్ ఆ రంధ్రం తడి అంచులు వేలితో తడుముతూ, నీళ్లు ఎక్కడినుంచి దిగాయని నన్నడిగాడు. ఇంజన్ బోల్టుల రంధ్రాలు చూపించాను. “మా తలుపు చట్రాలూ అంతే సార్. మేకు దిగిన చోటే వాన నీళ్లు తాగుతాయి” అన్నాడు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది, నూకరాజు కూడా సరేనన్నాడు.

లోపలి ఫైబరు పొర కోసి, బయటి పొర అలాగే ఉంచి, మధ్యలో కుళ్లిన చెక్కంతా గోకి తీశారు. జలీల్ అట్టముక్కతో ఖాళీ ఆకారానికి నమూనా కత్తిరించి, దాని ప్రకారం నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ రెండు వరసలు అతికించాడు. కోసిన అంచులకు నీరు తాగకుండా మూడుసార్లు రెజిన్ జిగురు పట్టించాడు. ఫైబరు పని నూకరాజుకే తెలుసు. ఎండకు రెజిన్ త్వరగా గట్టిపడిపోతుందని అది తెల్లవారగానే చేసేవాడు. అలా పక్కపక్కనే పనిచేస్తూ ఇద్దరూ మాటలు కలిపారు.

చెక్క బిగించాల్సిన సమయానికి రెండు రోజులు వాన పట్టింది. ఆగాక జలీల్ ఒక ప్లాస్టిక్ కాగితం తెచ్చి, పడవ వెనక గోడకు లోపలి వైపు ఆనించి, నాలుగు అంచులా టేపు వేసి, మర్నాడు చూద్దామన్నాడు. మర్నాడు కాగితం లోపల నీటి చుక్కలున్నాయి. గోడ ఇంకా తడిగా ఉంది. ఆ మర్నాడూ అంతే. ఈలోగా నిషేధం ముగిసింది. చుట్టూ ఉన్న పడవలన్నీ నీళ్లలోకి దిగాయి.

“అందరూ ఏటకెల్లిపోతన్నారు బాబూ. పైన ఫైబరు ఏసేత్తే తడి ఎవుడికి కనపడద్ది?” అన్నాడు నూకరాజు నాతో.

నేను నోరు విప్పేలోగా పోలమ్మ అంది: “కనపడకే గదా ఇంతదూరం వచ్చింది. ఆరనీ.”

అయిదో రోజు కాగితం పొడిగా ఉంది. జలీల్ చెక్క దించితే ఎక్కడా సందు లేకుండా కూర్చుంది. దాని మీద నూకరాజు ఫైబరు పొర వేశాడు. బోల్టుల రంధ్రాలు పెద్దవిగా తొలిచి, రెజిన్‌తో నింపి, గట్టిపడ్డాక దానిలోనే మళ్లీ తొలిచారు. ఇక బోల్టు చెక్కను తాకదు.

నీటి పరీక్షకు పోలమ్మతో కలిపి నలుగురం వెళ్లాం. జలీల్ అంతకుముందు సముద్రం మీదికి రాలేదు. అలలు దాటాక కూడా పడవ అంచు వదల్లేదు. నూకరాజు ఇంజన్ పూర్తి వేగంలో పెట్టాక నేను వెనక చెక్క మీద అరచెయ్యి ఆనించి ఉంచాను. వంగలేదు, వణకలేదు. నూకరాజు తిరిగి చూసి, “సెయ్యెట్టు బావా, నువ్వూ సూడు” అన్నాడు. జలీల్ ఒక చేత్తో అంచు పట్టుకునే, రెండో చెయ్యి ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

ఒడ్డుకు వచ్చాక తగిన పడవగా నివేదిక రాశాను. నూకరాజు మర్నాడే వేటకు వెళ్లాడు. తరువాతి వేసవిలో జలీల్ ఆ తీరంలోనే ఇంకో రెండు పడవలకు వెనక చెక్క మార్చాడు.

ఆ తరువాత పదవీ విరమణ దాకా నేను రాసిన ప్రతి నివేదికలోనూ ఏయే భాగాలు పరిశీలించలేకపోయానో, ఎందుకో విడిగా రాశాను. కొందరు యజమానులు దానికి విసుక్కున్నారు. ఎక్కువమంది ఆ భాగాలు ఖాళీ చేసి, మళ్లీ వచ్చి చూడమని కబురు చేశారు.