పై డబ్బాలు

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిన రోజుల్లో, కోరుట్ల బస్టాండులో నా పక్కన ఒకాయన నాలుగు ఖాళీ చెక్క డబ్బాలతో కూర్చున్నాడు. వెల్గటూరులో ఆయన తేనెటీగల పెట్టెలు నిండిపోయాయట. వాటి మీద ఎక్కించడానికి ఈ డబ్బాలు చేయించాడు.

"బస్సులు బందయ్యే ముంగటి శనివారం చూసినమ్మా, కొత్త రాణికి గది కడుతున్నయి. ఎనిమిది దినాలల్ల పైన జాగ ఇయ్యకుంటే సగం ఈగలు ఎగిరిపోతయి."

"మరి సమ్మెను తిడుతలేవేంది?"

"ఎట్ల తిడుత? మొన్న జెండా పట్టుకున్నది నేనే గద!" అని నవ్వాడు.

కాసేపటికి డబ్బా అంచు నిమురుతూ అడిగాడు. "జరమొచ్చి ఈడ్నే పండుకున్న, లెక్క దప్పింది. ఆ శనివారం నుంచి ఎన్ని దినాలాయె?"

తొమ్మిది. నేను తారీఖులు మరిచే మనిషిని కాను.

"ఆరు" అన్నాను.

"ఇంక రెండున్నయి" అని ఆయన డబ్బాలకు తాడు మళ్లీ బిగించి కట్టాడు.