కరెంటు లేని మధ్యాహ్నం తిరిగిన స్పూలు

"ఆ కొస గట్టిగ పట్టు."

"పట్టిన తియ్యి. నువ్వు నీ దిక్కు సూసుకో."

మా ఆయన మల్లయ్య నాతో అన్న చివరి మాట, దానికి నేను చెప్పిన జవాబు ఇవే. నేసిన జంపఖానాను చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నాం. నా కొస నా చేతిలోనే ఉంది. ఆయన కొస నేల మీద పడింది. తలెత్తి చూస్తే ఆయన గోడకు ఒరిగి కూర్చుని ఉన్నాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అయిపోయిందన్నారు.

ముందే చెప్తున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మా వాడలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని వేపమండలు పట్టుకుని బయలుదేరేవాళ్లు. పోయి గోలీలు తెచ్చుకోండి అని నేను కసిరేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ ఇది నాకు జరిగింది.

నాకు సంతకం పెట్టేంత వరకే అక్షరాలు వచ్చు. అందుకని నేను చెప్తుంటే మా చెల్లె బిడ్డ సరోజ రాస్తున్నది. నా గొంతు వయసులో ఉన్నప్పటి నుంచే గరుకు. పత్తి నూగు పీల్చి పీల్చి అట్లా అయింది. నడుమ నడుమ దగ్గు వస్తుంది, అది రాయొద్దని చెప్పాను.

ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్ కొత్తవాడలో మాది రెండు అర్రల ఇల్లు, ముందు అర్రలో మగ్గం. వెడల్పు జంపఖానాలు నేసే మగ్గానికి ఇద్దరు మనుషులు కావాలి. ఈ కొసన ఒకరు కూర్చుని పోగు మోసే నాడె విసిరితే, ఆ కొసన కూర్చున్నవాళ్లు అందుకోవాలి. తర్వాత ఇద్దరూ కలిసి పలకను ముందుకు గుంజి పోగును దగ్గరికి కొట్టాలి. ఆయన చెయ్యి బరువు, నాది తేలిక. మా చప్పుడు ఎన్నడూ ఒక్కటిగా వచ్చేది కాదు. ముందు ధబ్ మని ఆయనది, దాని వెనకాలే చిన్నగా నాది. ఆ చప్పుడు వింటే చాలు, మల్లయ్య ఇంట్లో నేత నడుస్తున్నదని వాడకట్టంతా చెప్పేది.

ఆయన పోయేనాటికి మగ్గం మీద ఎర్ర, నీలం చారల జంపఖానా మూరెడు నేసి ఉంది. దాన్ని కోయడానికి నాకు చేతులు రాలేదు. పాత దుప్పటి కప్పి వదిలేశాను. మళ్లీ ఎత్తి చూడలేదు. ఒక్కదాన్ని ఆ మగ్గం నడపలేను కదా, అద్దకం కార్ఖానాలో కూలికి పోయాను.

సరోజను అప్పటికే నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా చెల్లె చనిపోయింది. చెల్లె పెనిమిటి కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోసేవాడు, సాయంత్రమైతే తాగేవాడు. ఇద్దరు పిల్లలున్న ముదురు మనిషికి సరోజను ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. పిల్ల నా ఇంట్లో ఉన్నంత వరకే ఆ పెళ్లి ఆగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, సరోజకు తెలుసు.

సరోజ ఇంట్లో కండెలు చుట్టేది. అంటే నాడెలో పెట్టే చిన్న బొంగుల మీదికి నూలు ఎక్కించడం. నూలు పనికిచ్చే సేటుది. ఎంత తూకం ఇచ్చాడో అంత తూకం అప్పజెప్పాలి. మధ్యాహ్నం రెండింటికి ఇంటికి తాళం వేసి కుట్టు మిషన్ నేర్చుకోవడానికి పోయి, నాలుగు దాటాక వచ్చేది.

ఆయన పోయిన ఆరు నెలలకు కండెలు తగ్గడం మొదలైంది. ఒకరోజు నాలుగు, ఒకరోజు ఏడు. సరోజను అడిగితే నాకు తెలియదు పెద్దమ్మా అన్నది. తాళం తాళం లాగే ఉంది. తాళంచెవులు రెండే, ఒకటి నా కొంగున, ఒకటి సరోజ దగ్గర. ఇంటికి వెనక తలుపు లేదు.

మా మరిది యాదగిరికి రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. వాడితో చెప్పుకున్నాను.

"వదినె, తాళం పలగలే. అంటే చెవి ఉన్నోళ్లే తీసిండ్రు. నువ్వు కాకపోతే ఇంకెవలు? దొంగను ఇంట్ల పెట్టుకొని సాదుతానవు" అన్నాడు.

రుజువు లేకుండా పిల్లను కేసముద్రం పంపనన్నాను. రుజువు దొరికితే పంపుతావా అని అడిగాడు. పంపుతానని మాట ఇచ్చాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. సరోజా, ఆగకు, రాయి.

అప్పుడు యంత్రం పెడదామన్నాడు యాదగిరి. ఫొటో స్టూడియో నడిపే తన దోస్తు దగ్గరికి నన్ను తీసుకుపోయాడు. ఆ పిల్లగాడు మంచి హుషారు మనిషి. తలుపుకు దారం కట్టి, అటక మీద కెమెరా పెట్టి, తలుపు తెరవగానే మెరుపు మెరిసేటట్టు చేస్తానన్నాడు.

"ఫొటో ఒక్కటే పడతది. దొంగ బెదిరి పోతడు, పోతపోత కెమెరా గూడ పట్టుకపోతడు" అన్నాడు యాదగిరి.

"పోనియ్యన్నా. నూలు దొంగల కన్న కెమెరా దొంగలు జల్ది దొరుకుతరు."

వాళ్లిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఫొటోలో సరోజ ముఖం పడితే ఆ కాగితం ఎప్పటికీ ఉంటుంది. దొంగ ముఖంగానే ఉంటుంది. చప్పుడు అట్లా కాదు, చెరిపితే పోతుంది. అందుకే కెమెరా వద్దు, టేపు రికార్డరు పెట్టమన్నాను. నేను ఎందుకు వద్దన్నానో యాదగిరికి చెప్పలేదు.

అందులోనూ రెండు రకాలట. కేసెట్టుదైతే చిన్నది, బ్యాటరీల మీద నడుస్తుంది, కానీ ముప్పావు గంటకే టక్కున ఆగుతుంది. ఆ చప్పుడుకు ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. స్పూలుది పెట్టెంత ఉంటుంది, పెద్ద పెద్ద చక్రాలు. మెల్లగా తిప్పితే మూడు గంటలు నడుస్తుంది. కాకపోతే కరెంటు ఉండాలి. యాదగిరి ఇటు తూచి అటు తూచి, చివరికి మైకుసెట్ల వాళ్ల దగ్గర స్పూలుది కిరాయికి తెచ్చాడు.

మరునాడు సరోజ తాళం వేసి వెళ్లగానే యాదగిరి నా తాళంచెవితో లోపలికి పోయి, బియ్యం డబ్బా వెనక రికార్డరు పెట్టి, మీట నొక్కి, తాళం వేసి బయటికి వచ్చాడు. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. పది నిమిషాలకు హోటల్లో రేడియో ఆగింది. కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది పొద్దుగూకాకే. నాలుగు దాటి సరోజ వచ్చేదాకా మా తలుపు దగ్గరికి ఒక్క పురుగు కూడా రాలేదని, లోపల చిన్న చప్పుడు కూడా కాలేదని వాడు తన పిల్లల మీద ఒట్టు పెట్టాడు.

కరెంటు పోతే మా కార్ఖానాలోనూ మోటరు ఆగింది. నీళ్లు లేవు, పని లేదు. ఆరేసిన నూలు చిలపల నడుమ నీడలో అందరం కూలబడ్డాం. అటు ఎర్ర చిలపలు, ఇటు నీలం చిలపలు, గాలికి మెల్లగా ఊగుతున్నాయి. నీలం చుక్కలు నా పాదం మీద పడుతున్నాయి. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

నిద్రలో నేను మగ్గం మీద నా కొసన కూర్చుని ఉన్నాను. ఆయన ముఖం కనిపించలేదు, చేతులే కనిపించాయి. నాడె వచ్చింది, అందుకున్నాను, విసిరాను. ఇద్దరం మాట్లాడుకోలేదు. ఎండ కిటికీలోంచి పోగుల మీద పడి, పోగు పోగుకూ కదులుతున్నది. అలసట లేదు. కండె అయిపోయినప్పుడల్లా దగ్గి, కొత్తది పెట్టుకున్నాను. పక్కనున్న ఆమె భుజం తట్టి లేపేదాకా అక్కడే ఉన్నాను. ఆ రెండు గంటలూ నేను చిలపల నడుమ నుంచి కదలలేదని కార్ఖానాలో ఉన్నవాళ్లందరూ చూశారు.

సాయంత్రం, కరెంటు ఇంకా రాకముందే, సరోజ నీళ్లకు పోయినప్పుడు యాదగిరి రికార్డరు బయటికి తీశాడు. కరెంటు లేకపోయె, టేపు కదిలి ఉండదు, కిరాయి దండగ అని గొణిగాడు. మూత తెరిచి అట్లాగే నిలబడిపోయాడు. ఈ చక్రం మీద ఉండాల్సిన టేపు చాలావరకు ఆ చక్రం మీదికి చేరి ఉంది. కరెంటు వచ్చాక దాన్ని తన దుకాణానికి తీసుకుపోయి, నన్ను కూర్చోబెట్టి వినిపించాడు.

మొదట తాళం పడిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ధబ్. దాని వెనకాలే చిన్నగా ఇంకోటి. మళ్లీ ధబ్. మళ్లీ చిన్నగా.

చాలాసేపు విన్నాం. అప్పుడు దగ్గు వినిపించింది. గరుకు దగ్గు, మూడుసార్లు. తర్వాత నాడెలో కండె బిగించిన చప్పుడు.

యాదగిరి నన్ను చూడకుండా అడిగాడు. "వదినె, నువ్వు నడుమల ఇంటికి అచ్చినవా?"

"రాలే."

"మరి గీ దగ్గెవలది?"

నేను లేచి నడిచాను, వాడు వెంట వచ్చాడు. ఇంటికి వచ్చి, సరోజను పక్కింటికి పంపి, దుప్పటి ఎత్తాను. మూరెడు ఉన్న జంపఖానా మూడు గజాలు దాటింది. కుడి అంచు, ఆయన దిక్కుది, గీత గీసినట్టు ఉంది. ఎడమ అంచు నా చేతి వదులుకు కొంచెం వంకర పోయింది. ముప్పై ఏళ్లు ఆ వంకర గురించి ఆయన దగ్గర మాటలు పడ్డాను. దాన్ని గుర్తుపట్టలేనా?

యాదగిరికి అప్పటికీ మనసు ఒప్పలేదు. సరోజ ఎవరినో తెచ్చి నేయించిందేమో అన్నాడు. అటక మీద సరోజ బట్టల మూట కట్టి ఉంది. రుజువు దొరికితే పంపాలని, అయ్యను చూసి రమ్మని చెప్పి ముందే నేనే కట్టించాను. మర్నాడు పొద్దున బస్సు.

ఆ మూట చూశాను. కత్తెర తెచ్చాను. కోశాను. యాదగిరి తక్కెడ తెచ్చాడు. పడుగు బరువెంతో, ఆయన ఉన్నప్పుడు నేసిన మూరెడు బరువెంతో నాకు తెలుసు. అవి తీసేస్తే, పోయిన కండెల నూలంతా అందులోనే ఉంది. చిటికెడు కూడా ఎక్కువ తక్కువ లేదు. యాదగిరి తక్కెడ కింద పెట్టి, మూట విప్పి, బట్టలు తానే దండెం మీద వేసి పోయాడు. నూలు దొరికిందని సరోజకు చెప్పాను. ఎట్లా దొరికిందో చెప్పలేదు.

ఆ టేపు మీద తర్వాత ఎవరిదో పెళ్లి పాటలు నింపారు. జంపఖానా సేటు తీసుకున్నాడు. ఏ ఇంట్లో ఎవరు దాని మీద కూర్చుంటున్నారో.

కోసిన నాటి నుంచి ఒక్క కండె కూడా తగ్గలేదు. నేను చాలా మధ్యాహ్నాలు కావాలని పడుకుని చూశాను. ఆ నిద్ర మళ్లీ రాలేదు. కోయకపోతే వస్తుండేదేమో. అయినా ఆ సాయంత్రం మళ్లీ ఎదురైతే మళ్లీ కోస్తాను.

కరెంటు లేకుండా చక్రాలు ఎట్లా తిరిగాయో యాదగిరి చెప్పలేకపోయాడు. చిలపల నడుమ పడుకున్న నేను మగ్గం మీద ఎట్లా దగ్గానో నేను చెప్పలేను. ఇన్నేళ్లు ఆలోచించినా అంతే.

ఏందే సరోజా, కలం ఆపినవ్? నీ మీద అనుమానంతోనే ఆ యంత్రం పెట్టించిన. గా మాట గూడ రాసినవా? ఇగ మొదటి నుంచి సదువు, బిడ్డా. నీ పేరున్న కాడ జర మెల్లగ సదువు.