నిదానం బార్ బోర్డు

మా అన్న చేసిన చివరి పని వంటింటి కొళాయికి వాషర్ మార్చడం. వారం రోజులుగా అది చుక్కలు చుక్కలుగా కారుతోందని వదిన పోరు పెడుతోంది. మంగళవారం పదకొండింటికి పాత సైకిల్ ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి వేశాడు. రెండుసార్లు తిప్పి చూసి, "ఇంకో ఆర్నెల్లు నోరు మూసుకుని పడుంటుంది" అన్నాడు. చేతులు తుడుచుకున్న గుడ్డ తలుపు మీద ఆరేసి, ఒక కునుకు తీస్తానని వెళ్లి పడుకున్నాడు. ఒంటిగంటకు అన్నానికి లేపుదామని వదిన గదిలోకి వెళ్లింది.

వదిన ఫోను చేసినప్పుడు నేను ప్రెస్సులో ఏడో తరగతి సైన్సు పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నాను. ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న పేజీ చివరిదాకా దిద్దాను. మూడు తప్పులు దొరికాయి. తర్వాత పెన్ను మూత పెట్టి, చెప్పులు వేసుకుని బయల్దేరాను.

మా అన్న బోర్డులు రాసేవాడు. దుకాణాల పైన, అద్దాల మీద, లారీల వెనక. ఊళ్లో సగంమందికి ఆయన అసలు పేరు తెలియదు, ఆర్టిస్టు గారు అనేవాళ్లు. ఆ మాట వింటే ముందు సిగ్గుపడేవాడు, తర్వాత తర్వాత అలా పిలవకపోతే పలకడం మానేశాడు.

అన్నిటికంటే బార్ల బోర్డులంటే ఆయనకు ఇష్టం. "మందుల షాపువాడు పేరు చీటీ మీద రాసుకొస్తాడు. బారు పెట్టేవాడికి భయం తప్ప ఇంకేం ఉండదురా. పేరు మనమే పెట్టాలి" అనేవాడు. వాళ్లను కూర్చోబెట్టి కబుర్లలోకి దించేవాడు. మా సరుకులో చుక్క నీళ్లు కలపం అని బోర్డు మీద రాయమని ఒకాయన పట్టుబట్టాడు. "అలా రాస్తే లేని అనుమానం పుడుతుంది బాబూ" అని చెప్పి, అన్న 'అమ్మతోడు బార్' అని రాసిచ్చాడు. పళ్ల డాక్టరు ఖాళీ చేసిన గదిలో ఇంకొకాయన బారు తెరుస్తూ, పాత రేకే వాడుకుందామన్నాడు. అన్న నిచ్చెనెక్కి పై వరుస చెరిపి 'రాజహంస బార్' అని రాశాడు. కింది వరుస చెరపబోతుంటే ఓనరు కిందనుంచి కేకేశాడు. "అది ఉండనీయండి, అదేం తప్పు కాదుగా!" అందుకని పదేళ్లపాటు అది 'రాజహంస బార్, నొప్పి తెలియకుండా' అనే ఉంది.

అన్నదమ్ములిద్దరు 'సోదర బార్' పెట్టి మూడో నెల్లో కొట్టుకున్నారు. తమ్ముడు ఎదురుగా ఇంకోటి తెరిచి 'అసలు సోదర బార్' అని రాయించుకున్నాడు. రెండూ రాసింది మా అన్నే. అన్న పక్షాన కూర్చోవాలో తమ్ముడి పక్షాన కూర్చోవాలో తేలక మేమిద్దరం రెండింటికీ వెళ్లడం మానేశాం.

నిదానం బార్ మాత్రం మాది.

దాని ఓనరు అంతకుముందు గడియారాలు బాగుచేసేవాడు. గొడుగుల దుకాణం ఖాళీ అయితే ఆ గది తీసుకున్నాడు. బల్లలు వచ్చాయి, సీసాలు వచ్చాయి, పేరు మాత్రం తేలలేదు. నాలుగు నెలలపాటు అన్న వారానికోసారి వెళ్లి అడిగి వచ్చేవాడు. ఆఖరికి ఒకరోజు నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఏమయ్యా, ఈ లెక్కన నువ్వు మొదటి సీసా మూత తీసేసరికి నా జుట్టు తెల్లబడుతుంది. ఏదో ఒకటి చెప్పవయ్యా."

"పేరు కదండీ. నిదానంగా ఆలోచిద్దాం."

"ఇంక ఆలోచించక్కర్లేదు. అదే నీ పేరు" అంటూ అన్న రంగు డబ్బా మూత తీశాడు.

ఆ సాయంత్రానికల్లా గొడుగుల పేరు మీద ఒక పూత పడింది, మర్నాడు దాని మీద ఎర్రగా 'నిదానం బార్' వచ్చింది. కొన్నాళ్లకు ఓనరును కూడా అందరూ నిదానం అనే పిలవసాగారు. ఆయన ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి కూడా కొంత సమయం తీసుకునే మనిషి.

అక్కడ ఆరు బల్లలు ఉండేవి. ఒకదాని కాలికింద ఇటుక ఉండేది. పంకాకు ఒకటే వేగం. బాత్రూం తలుపుకు గడియ పడదు, అందుకని లోపలికి వెళ్లినవాళ్లు బయటికి వచ్చేదాకా దగ్గుతూ ఉండాలి. అలవాటైనవాళ్ల దగ్గును బట్టి లోపల ఎవరున్నారో చెప్పేయొచ్చు. మా అన్న దగ్గేవాడు కాదు, లోపలనుంచి కబుర్లు కొనసాగించేవాడు. వేరుశనగలు సీసా మూతల్లో పోసి ఇచ్చేవాడు నిదానం. రెండో గ్లాసు కావాలంటే మొదటిది రాకముందే చెప్పాలి. శనివారం నాకు ఒంటిపూట. మూడింటికి వెళ్లి ఐదింటికి లేచేవాళ్లం. ఇరవై రెండేళ్లపాటు అలా జరిగింది. ఆ రెండు గంటల్లో ఏం మాట్లాడుకునేవాళ్లమో గుర్తుచేసుకుందామని కూర్చుంటే పెద్దగా ఏమీ రావడం లేదు. ఇటుక గుర్తొస్తోంది. దగ్గులు గుర్తొస్తున్నాయి.

రెండేళ్ల కిందట ఒక చెప్పుల దుకాణం బోర్డు రాస్తూ అన్నకు తల తిరిగింది. మూడో మెట్టు నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. అతుక్కున్నాక కూడా చెయ్యి వణకడం ఆగలేదు. ఇక నిచ్చెన ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటికే ఊళ్లో బోర్డులు రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి పని మానేసినట్టు ఎవరికీ తెలియలేదు. ఇంట్లో తలుపు బందులు, కుర్చీ కాళ్లు, స్విచ్చులు బాగుచేయడం మొదలుపెట్టాడు. వదిన వాటిని పాడుచేస్తూ ఉండేదని నా అనుమానం.

పోయిన ఏడాది వేసవిలో నిదానం బార్ బోర్డు మీద ఎరుపు వెలిసిపోయి, కిందనుంచి గొడుగుల దుకాణం అక్షరాలు పైకి తేలాయి. మొదటిపూత పలచగా వేస్తే అలాగే అవుతుందట. 'నిదానం'కు అడ్డంగా 'అన్ని రకముల' అని కనిపించేది. అన్న రోడ్డు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"నా తప్పేరా. ఆ రోజు ఆత్రంలో రెండో పూత ఎగ్గొట్టాను. ఇది మళ్లీ నా చేత్తో రాసేసి, బ్రష్షులు ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇదొక్కటే."

"డాక్టరు ఏమన్నాడు?"

"డాక్టరు నిచ్చెన వద్దన్నాడు. పన్నెండు మెట్ల నిచ్చెన ఒకటే ఉందా లోకంలో? నువ్వు కింద పట్టుకో."

బోర్డు కిందికి దించి రాయొచ్చు కదా అని అడిగాను. అది గోడలోకి దిగ్గొట్టిన ఇనుప చట్రానికి రివెట్లు వేసిన రేకు. దించాలంటే గోడ కదులుతుంది. అది నాకూ తెలుసు.

మర్నాడు వదిన ప్రెస్సుకు వచ్చింది. ఎప్పుడూ రాలేదు. గేటు దగ్గరే నిలబడి మాట్లాడింది. "పొద్దున లేచి బ్రష్షులు కిరసనాయిల్లో నానబెట్టారయ్యా. నా మాట వినరు. నువ్వు చెబితే నవ్వేసి ఊరుకుంటారు. ఏదో ఒకటి చెయ్యి. మళ్లీ పడితే లేవరు మీ అన్న."

గురువారం మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే నిదానం బార్‌కు వెళ్లాను. 'కొత్తగా లైటు బోర్డుకు ఆర్డరిచ్చేశాను' అని అన్నతో అనమని నిదానాన్ని అడిగాను. నిదానం గ్లాసు తుడుస్తూ విన్నాడు. అది అయ్యాక ఇంకో గ్లాసు తీసుకున్నాడు.

"అంటే అబద్ధం చెప్పమంటారు."

"అవును."

"ఆర్టిస్టు గారితో."

"ఈసారి పడితే చెయ్యి కాదు నిదానం గారూ, తల."

రెండో గ్లాసు కూడా తుడిచి బోర్లించాడు. "నాకు చేతకాదండీ. కానీ చెబుతాను."

శనివారం అన్న దారపుండ, సుద్దపొడి డబ్బా, రాసేటప్పుడు చేతికింద ఆనించుకునే కర్ర పట్టుకుని వచ్చాడు. దారానికి సుద్ద పూసి రేకు మీద లాగి వదిలితే గీత పడుతుంది, ఆ గీతల మధ్య అక్షరాలు కూర్చుంటాయి. అన్నీ బల్ల మీద పరిచాడు. "సోమవారం వీడు సెలవు పెడతాడు, నిచ్చెన పట్టుకుంటాడు" అన్నాడు నిదానంతో.

నిదానం వేరుశనగల మూత మా ముందు పెట్టి దానివైపే చూస్తూ అన్నాడు. "ఆర్టిస్టు గారూ, లైటు బోర్డుకి చెప్పేశానండీ. మొన్ననే."

"ఫ్లెక్సా?"

"ఫ్లెక్సేనండీ."

"లోపల ట్యూబులైట్లు పెడతారా?"

"పెడతారంట."

అన్న దారం ఉండ చుట్టాడు. సుద్ద డబ్బా మూత గట్టిగా నొక్కాడు. "మంచిదేలే. వానల్లో కూడా దూరానికి కనిపిస్తుంది" అన్నాడు. ఆ రోజు ఒక్క గ్లాసుతోనే లేచాడు. ఆదివారం వదిన ఫోను చేసి, బ్రష్షులు తుడిచి పెట్టెలో పెట్టేశారని చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో సంతోషమేమీ లేదు.

ఆ తర్వాతి శనివారం మూడింటికి ఎప్పటిలాగే వచ్చాడు. ఆ పైవారం కూడా. అయిదో వారానికి లైటు బోర్డు నిజంగానే వచ్చింది. చెప్పిన అబద్ధాన్ని నిదానం నిజం చేసేసుకున్నాడనుకున్నాను. ఇద్దరం రోడ్డవతల నిలబడి చూశాం. తెల్లటి వెలుగు, మధ్యలో ఎర్రటి అక్షరాలు. అన్నకు ఊరటగా ఉంటుందని నేనే అందుకున్నాను.

"చూడన్నా, ఎంత చచ్చుగా ఉన్నాయో. మిషను అక్షరం మిషను అక్షరమే. నీ చెయ్యెక్కడ, ఇదెక్కడ."

"అంత చచ్చుగా ఉన్నాయంటావా?"

"అచ్చు తప్పు లేదు, అంతే. ప్రాణం లేదు."

"ఊఁ" అన్నాడు అన్న. ఇంకాసేపు చూసి, "పద, నిదానం ఎదురుచూస్తుంటాడు" అన్నాడు.

నిదానం ఎవరికోసమూ ఎదురుచూసే మనిషి కాదని నేనంటే నవ్వాడు. ఆ తర్వాత ఏడు నెలలపాటు ఆ బోర్డు కిందనుంచే లోపలికి వెళ్లాం, ఆ బోర్డు కిందనుంచే బయటికొచ్చాం. దాని మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను చేసింది మంచిపనే అనుకున్నాను. ఇప్పుడు కూడా ఆ నిచ్చెన తలుచుకుంటే అలాగే అనిపిస్తుంది. ఆయన మంచం మీద పోయాడు, రోడ్డు మీద కాదు.

అన్న పోయిన మూడోవారం, శనివారం మూడింటికి నా కాళ్లు అటే నడిచాయి. వదినతో చెప్పలేదు. నిదానం నన్ను చూసి రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి వెనక్కి తీసుకెళ్లి, మళ్లీ వచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ కూర్చోనివాడు ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"తమ్ముడు గారూ, మీతో ఒక మాట చెప్పాలి. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పొద్దన్నారు."

"చెప్పండి."

"ఆ అబద్ధం నా దగ్గర రెండు రోజులు కూడా ఆగలేదండీ. సోమవారం ఆయన ఒక్కరే వచ్చారు. చెప్పేశాను. మీరు అడిగారని కూడా చెప్పేశాను."

నేను గ్లాసు కింద పెట్టాను. ఏమన్నాడని అడిగాను.

"'అడిగింది వాడైతే ఇక నిచ్చెన వద్దులే' అన్నారు. కాసేపటికి కాగితం అడిగారు. నా దగ్గర గోడ క్యాలెండర్లే ఉన్నాయి, వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, అవి ఇచ్చాను. ఆ ఇటుక బల్ల దగ్గర కూర్చుని, ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని బోర్డు అక్షరాలు రాసేవారు. చెయ్యి అదిరితే కాగితం తిప్పి మళ్లీ మొదలుపెట్టేవారు. మీరు ప్రెస్సులో ఉండే టైములోనే వచ్చేవారు. అవే నేను ఫ్లెక్సువాడికి ఇచ్చాను. వాడు ఫోటో తీసి పెద్దవి చేశాడు, గీత కూడా మార్చలేదు."

బయట ఇంకా ఎండగానే ఉంది, బోర్డులో లైట్లు వెలగలేదు. నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్లలేదు. ఎన్నాళ్లు రాశాడని మాత్రం అడిగాను.

నిదానం వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి చూసుకున్నాడు.

"మొత్తం పదకొండు మధ్యాహ్నాలండీ. ఒక్క 'దా'కే నాలుగు పట్టాయి."