పదిహేనుకీ యాభై ఒకటికీ మధ్య

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో వైద్య సామగ్రి అమ్మే ఒక దుకాణంలో నా ఉద్యోగం. ముందు గదిలో చేతికర్రలు, మోకాలి పట్టీలు, చక్రాల కుర్చీలు అమ్ముతారు. వెనక గదిలో కూర్చుని వాటికి కోడ్‌లు వేసి బీమా సంస్థలకు బిల్లులు పంపేది నేను. అల్లుడు కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరని ఊరంతా చెప్పుకునే మా అమ్మ, నా పని సంగతి ఎవరైనా అడిగితే మాత్రం "ఏదో ఆఫీసులెండి" అని మాట దాటేస్తుంది. నా టేబుల్ మీదికి వచ్చే బిల్లుల్లో చాలావరకు మూత్రం ఆపుకోలేని వాళ్ళ సామాన్లవే మరి.

ఈ సామాన్లలో రెండు జాతులున్నాయి. వాడి పారేసే కాగితం ప్యాడ్‌ల కోడ్ పదిహేనుతో మొదలవుతుంది. ఉతికి మళ్ళీ వాడుకునే గుడ్డవి, పరుపు మీద పరిచేవి, యాభై ఒకటితో మొదలవుతాయి. అంకెలు తిరగేస్తే చాలు, దారే మారిపోతుంది. పదిహేనుకి డాక్టరు చీటీ ఉంటే ఆరోగ్య బీమా వాళ్ళు ఇచ్చేస్తారు. యాభై ఒకటికి చీటీ చాలదు. ఈ మనిషి తన పనులు తాను చేసుకోలేకపోతోంది, పక్కన ఒకరుండాలి అని బీమా వాళ్ళు మనిషిని ఇంటికి పంపి, చూసి, తేల్చి, గ్రేడ్ ఇవ్వాలి. ఆ గ్రేడ్ లేకుండా నేను ఎన్నిసార్లు పంపినా బిల్లు తిరిగి నా దగ్గరికే వస్తుంది.

ఆంటీకి కావలసింది యాభై ఒకటి.

ఆవిడ నాకు చుట్టం కాదు. గోదావరి వైపు మనిషి. చాలా ఏళ్ళ కిందట కాన్వెంట్ సిస్టర్లు తీసుకొస్తే ఇక్కడి వృద్ధాశ్రమంలో పనికి చేరింది. రిటైరయ్యే దాకా అక్కడే ముసలివాళ్ళకి పక్కలు మార్చింది. పెళ్ళి చేసుకోలేదు. మ్యూనిక్‌లో ఆదివారాలు జరిగే మా తెలుగు ప్రార్థన కూటంలో పాట ఎత్తుకునేది ఆవిడే. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు శ్రుతి తప్పితే కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూసేది, వాళ్ళు బుద్ధిగా దారికొచ్చేవారు. ఇద్దరం ఒకే రైల్లో వెళ్ళేవాళ్ళం. దారి పొడుగునా నా ఉప్మాకి వంకలు పెడుతూ డబ్బా ఖాళీ చేసేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి రావడం మానేసింది. ముందు మోకాళ్ళంది, తర్వాత జలుబంది. చివరికి ఒకరోజు మా దుకాణానికే వచ్చి, వెనక గదిలోకి నడిచి, తలుపు దగ్గరగా వేసి అసలు సంగతి చెప్పింది. డాక్టరు రాసిచ్చిన కాగితం ప్యాడ్‌లు వాడుతోందట.

"ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను కదిలితే గరగరమంటది అమ్మాయ్. పక్కనోళ్ళకి వినపడద్ది. అదీగాక కారిందనుకో, ఆ రైలు సీటు గుడ్డది. నాకు ఉతుక్కునేది ఇప్పించు. మడిచి సంచీలో పెట్టుకుంటాను, కూచున్న చోటల్లా పరుచుకుంటాను. శాలువా అనుకుంటారు."

"నేను కొనిస్తాను ఆంటీ, రేపే తెస్తాను."

"నువ్వు కొనిస్తే నీ దగ్గర పుచ్చుకున్నట్టవుద్ది. ఎన్నేళ్ళు బీమాకని నా జీతంలో పట్టుకున్నారు వీళ్ళు, ఇవ్వనీ."

ఆవిడతో మాట పెంచి గెలిచినవాళ్ళు లేరు. దరఖాస్తు పెట్టాం. కొన్ని వారాలకి టెర్మిన్ వచ్చింది, అంటే వాళ్ళ మనిషి ఇంటికొచ్చి చూసే తేదీ.

ఆ రోజు నేను సెలవు పెట్టి వెళ్ళేసరికి ఇల్లు పెళ్ళిచూపులకి సిద్ధమైనట్టుంది. కిటికీ అద్దాలు మెరుస్తున్నాయి. ఆంటీ గంజి పెట్టిన చీర కట్టింది. బల్ల మీద పళ్ళెం నిండా గులాబీ పువ్వులు, అప్పుడే నూనెలోంచి తీసినవి. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేంటాంటీ, మీకు చేతకావడం లేదని కదా చూపించాలి."

"ఇంటికొచ్చిన మనిషికి కాఫీ నీళ్ళన్నా ఇయ్యకుండా ఎట్టా పంపిస్తామే."

వచ్చినావిడ మంచిదే. ఆమెను అనడానికేం లేదు. నెమ్మదిగా అడిగింది, ఓపిగ్గా రాసుకుంది. మెట్లు ఎక్కగలరా? "గేట్ షోన్" అంది ఆంటీ. స్నానం? గేట్ షోన్. వంట? గేట్ షోన్, అంటూ గులాబీ పువ్వుల పళ్ళెం ముందుకి జరిపింది. గేట్ షోన్ అంటే మన "పర్లేదు". జర్మన్‌లో అన్నా ఆవిడ చెప్పింది అచ్చం తెలుగు పర్లేదే. కష్టంగానే ఉంది గానీ నీకెందుకులే శ్రమ, అనే సగం మాట అందులో మింగేసి ఉంటుంది. ఆ మింగిన సగం వచ్చినావిడకి ఎలా వినపడుతుంది? బయటికి వచ్చిన సగమే ఆమె రాసుకుంది.

రాత్రిళ్ళు బాత్రూముకి సమయానికి వెళ్ళగలుగుతున్నారా అని అడిగినప్పుడు ఆంటీ చీర కొంగు సర్దుకుంది. నేను నోరు తెరిచాను. "రాత్రిళ్ళు ఆవిడకి..." అనబోయేలోగా ఆంటీ తెలుగులో, నవ్వు మొహంతోనే, "నువ్వు ఊరుకో అమ్మాయ్, పరాయి మనిషి ముందు" అంది. తర్వాత ఆమె వైపు తిరిగి, "గేట్ షోన్."

అంతటితో ఆగినా బాగుండేది. ఆమె లేచి సెలవు తీసుకుంటే, ఆంటీ వీధి తలుపు దాకా దిగి సాగనంపింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. పరీక్ష చేయడానికి వచ్చిన మనిషి ముందు మెట్లన్నీ దిగి, చెయ్యి ఊపి, మళ్ళీ ఎక్కింది.

పైకి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. మెట్ల మీద కూడా పడింది. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పక్కవాటాల వాళ్ళు వచ్చేలోగా నేను గుడ్డ తడిపి మెట్లు తుడిచాను. ఏం రాసుకుంటూ ఆగిందో, బీమా మనిషి కారు ఇంకా వీధి చివర మలుపు తిరుగుతూ కిటికీలోంచి కనిపిస్తోంది. పరుగెత్తి ఆపి పైకి పిలిచి ఆ మెట్లు చూపించాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆంటీ పరువు మెట్ల మీద ఉంటే నేను తుడవకుండా ఎలా ఉంటాను అని కూడా అనిపిస్తుంది.

గ్రేడ్ రాలేదు. తన పనులన్నీ తానే చేసుకోగలదన్నారు. ఆ మాట చదివి ఆంటీ కొంచెం గర్వపడిందని నా అనుమానం.

మళ్ళీ చూడమని అభ్యంతరం రాసి పంపాం. రెండోసారి వచ్చేలోగా ఆవిడ చేత ఒక్క మాట పలికించాలని నా పట్టుదల. మ్యూనిక్ వెళ్ళాల్సిన ఆదివారాలు వాళ్ళింట్లో కూర్చుని నేను బీమా మనిషిలా మొహం పెట్టి అడిగేదాన్ని.

"రాత్రిళ్ళు ఎలా ఉంటోంది? చెప్పండి ఆంటీ. నా వల్ల కావడం లేదు, అనండి."

"నా వల్ల..." అని, నవ్వేసి, "అట్టా అంటే అడుక్కున్నట్టుందే. కొంచెం ఇబ్బందిగా ఉంది అంటాను, సరిపోద్ది."

"సరిపోదు."

"పోనీ చాలా ఇబ్బంది అంటాను." అని లేస్తూ, "అయినా పర్లేదులే."

ఆ మాట వినగానే నేను తల పట్టుకునేదాన్ని. ఆవిడ వెళ్ళి టీ పెట్టుకొచ్చేది.

రెండో టెర్మిన్ రాకముందే బాత్రూములో జారి పడింది. రాత్రి తడిసిన దుప్పట్లు తనే ఉతుక్కుంటోందట. తుంటి విరిగింది. ఆస్పత్రిలో ఉండగానే ఎవరినీ ఏమీ అడగకుండా గ్రేడ్ వచ్చేసింది. ఈసారి ఆవిడ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

యాభై ఒకటి నేనే కొట్టాను. కీబోర్డు మీద అంత నెమ్మదిగా ఎప్పుడూ కొట్టలేదు. బిల్లు తిరిగి రాలేదు.

ఆవిడ ఇంటికొచ్చాక గుడ్డలు తీసుకెళ్ళాను. ఒకవైపు నీలం, ఒకవైపు తెల్లటి గళ్ళు. ఆంటీ ఒళ్ళో పెట్టుకుని తడిమి చూసి, "మెత్తగా ఉంది. చప్పుడు లేదు" అంది. ఒకటి నాలుగు మడతలు పెట్టి పాత హ్యాండ్‌బ్యాగులో సర్దుకుంది. సరిగ్గా పట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆదివారం వెళ్దాం ఆంటీ. చక్రాల కుర్చీ మా దుకాణంలోంచి తెస్తాను, రైలెక్కించడానికి మనిషిని కూడా మాట్లాడతాను. పాట మీరే ఎత్తుకోవాలి."

ఆవిడ కిటికీ వైపు చూసింది. నేను ఇంకో గుడ్డ మడత విప్పుతూ జవాబు కోసం ఆగాను. పర్లేదు అంటుందనుకున్నాను. ఆ రోజు ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో.

"నా వల్ల కాదమ్మా" అంది.

ఏ తడబాటూ లేకుండా, నవ్వకుండా అంది. తర్వాత బ్యాగులోంచి ఆ గుడ్డ తీసి నా చేతికిచ్చింది.

"మంచం మీద పరిచెయ్. దానికే కదా వాళ్ళు ఇచ్చింది."

పరిచాను.