నాకెందుకులే అనే అక్క

తంపులు పెట్టడమంటే ఇద్దరి మధ్య పడకుండా చేయడమని అందరికీ తెలుసు. దాన్ని ఎంత నెమ్మదిగా చేయవచ్చో నాకు చూపించింది బేతంచెర్లలో టీ కొట్టు నడిపే ఒక అక్క. ఆమె గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండా, ఏ మాటనైనా "నాకెందుకులే" అనే మొదలుపెట్టేది.

కొత్త ఇంటి నేలకు బండలు కొనడానికి మా ఆవిడతో ఆ ఊరికి పోయాను. పక్కపక్కనే బండల కొట్లున్న అన్నదమ్ములిద్దరూ కూడబలుక్కుని ఒకటే ధర చెప్పారు. అంగడి నడిపే ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, చెప్పిన ధరకు కొంటే నా పరువేం కావాలి? టీ తాగుతూ ఆమెను బతిమాలాను.

"వాళ్ళిద్దరికీ కొంచెం తంపులు పెట్టక్కా. ఎవరో ఒకరు దిగొస్తారు."

ఆమె గ్లాసు బోర్లించి మా ఆవిడతో అంది. "నాకెందుకులేమ్మా గానీ, రేపు ఇల్లు తుడిచేది నువ్వా, ఆయప్పనా? అగ్గువకొస్తాదని గరుకు బండలు సూస్తాండాడు."

మా ఆవిడ నావైపు ఒక్క చూపు చూసి, నేరుగా అన్నగారి కొట్లోకి పోయి, నున్నటి బండలకు సరేననేసింది. వెనకే వెళ్ళి నేను గొణుగుతుంటే అన్నదమ్ములిద్దరూ మాకు రాజీ చేశారు, ధర మాత్రం తగ్గించలేదు.

తిరిగి టీ కొట్టుకు వచ్చి అడిగాను. "వాళ్ళకు పెట్టమంటే మాకు పెట్టినావేమక్కా?"

"వాళ్ళు దినామూ ఈడనే టీ తాగుతారప్పా. నువ్వు మళ్ళా ఇల్లు ఎప్పుడు కడతావో ఏమో."