ఇళ్ళను తిట్టే హొరియుచి గారు

ఇళ్ళు అద్దెకు ఇప్పించే బ్రోకరు ఎవరైనా ఇంటిని పొగుడుతాడు. అగ్గిపెట్టెంత గదిని చూపించి, "ఊడ్చుకోవడానికి ఎంత సుఖమో చూడండి" అంటాడు. జపాన్‌లోని మా హమమత్సు ఊరు మొత్తమ్మీద ఇళ్ళను తిట్టే బ్రోకరు ఒక్కరే ఒక్కరు, మా హొరియుచి గారు. తిట్టడమంటే మామూలుగా కాదు. తన కొట్టు అద్దానికి తనే అంటించిన ఇంటి ప్లాను పటాన్ని తనే పీకి, బల్ల మీద పరిచి, ఆ ఇల్లు కట్టినవాణ్ణి, కట్టించినవాణ్ణి, దానికి సున్నం కొట్టినవాణ్ణి కలిపి తిట్టిపోస్తారు.

నేను ఆయన కొట్టు మెట్లెక్కే ముందు నాలుగు కొట్లు దిగాను. పేరు సుయేలీ మియాషిరో అని చెప్పగానే "రండి రండి" అనేవాళ్ళు. మా తాత ఈ దేశపు ఒకినావా దీవి నుంచి బ్రెజిల్ వెళ్ళినవాడు. కాబట్టి నాది ఇక్కడి ఇంటిపేరే, ఇక్కడి ముఖమే. కానీ పాస్‌పోర్టు బల్ల మీద పెట్టేసరికి ఆ రండి రండి కాస్తా ఆవిరైపోయేది. నా ఎదురుగానే యజమానికి ఫోన్ చేసి, "విదేశీయురాలండీ, ఫరవాలేదా?" అనడం, ఫోన్ పెట్టేసి "క్షమించాలి" అంటూ తల వంచడం. ఎంత అందంగా వంచుతారో! ఆ వంగిన నడినెత్తి మీద ఒక్కటి మొట్టాలనిపించేది. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో కార్లకు బోల్టులు బిగిస్తున్నాను, మీ పన్నులు కడుతున్నాను, మీ చెత్త మీరు చెప్పిన వారం మీరు చెప్పిన సంచిలోనే వేస్తున్నాను, ఇంకేం చావాలిరా అని అరవాలనిపించేది. అరవలేదు. అరిస్తే "చూశారా, విదేశీయులు అరుస్తారు" అంటారు.

అయిదో కొట్టు హొరియుచి గారిది. డెబ్బై ఏళ్ళ మనిషి, అన్ని కాలాల్లోనూ ఒకే గోధుమరంగు స్వెటరు. అద్దం మీద ఒక పటం చూపించి ఇది కావాలన్నాను. ఆయన నా పాస్‌పోర్టు చూశారు, ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఒక్క నిమిషం కూర్చోమ్మా, టీ పెట్టొస్తా" అని వెనక వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. అయిదు నిమిషాల తర్వాత చెవులు ఎర్రబడి బయటికొచ్చారు. చేతిలో టీ లేదు.

"ఆ ఇంట్లో ఉంటావా నువ్వు? ఉతికిన గుడ్డ పది రోజులైనా ఆరదు. దాంట్లోకి ఎండ వచ్చి నలభై ఏళ్ళయింది. వద్దు!"

"మరి ఇదో?"

"చూద్దాం. టీ పెట్టొస్తా." మళ్ళీ తలుపు, మళ్ళీ ఎర్రటి చెవులు. "పక్కింటాయన ట్రంపెట్ నేర్చుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా నేర్చుకుంటూనే ఉన్నాడు. వద్దు."

"ఇది?"

"దాని స్నానాలగదిలో నిలబడితే మోచేతులు వసారాలో ఉంటాయి. ఆ కట్టినవాడికి మోచేతులు లేవేమో, సన్నాసి!"

అలా పదకొండు ఇళ్ళు తిట్టారు. పన్నెండోది మాత్రం ఒక్క మాటా అనకుండా తాళంచెవి ఇచ్చారు. ఆ రోజు నేనెంత సంబరపడ్డానో! ఇల్లు దొరికినందుకు కాదు, ఒక్కరైనా నన్ను వద్దనలేదని. పదకొండిటినీ నేనే వద్దనుకున్నాను మరి. టీ మాత్రం ఇవ్వలేదు.

తర్వాత నా ఫ్యాక్టరీ మూతపడితే, మా బ్రెజిల్ వాళ్ళతో మాట్లాడ్డానికి పోర్చుగీసు తెలిసిన మనిషి కావాలని ఆయనే నన్ను కొట్లో పెట్టుకున్నారు. మనిషిని దగ్గర్నుంచి చూస్తే పిచ్చి ఇంకా ముదిరినట్టు కనిపించింది. నేపాల్ వంటవాడొచ్చినా, ఫిలిప్పీన్స్ నర్సమ్మొచ్చినా అదే వరస. లోపలికి వెళ్ళడం, టీ లేకుండా రావడం, తిట్టడం. "రైలు పోతుంటే ఆ ఇంట్లో గోడగడియారం అయిదు నిమిషాలు ముందుకు జరుగుతుంది" అని ఒకాయనతో చెప్పారు. ఆయన పాపం నమ్మి, గడియారం కొననని చెప్పి మరీ బతిమాలుకున్నాడు.

ఒకరోజు నగోయా నుంచి ఒక కాలేజీ కుర్రాడొచ్చాడు, జపాన్ కుర్రాడే. ట్రంపెట్ ఇంటి పటం చూపించాడు. హొరియుచి గారు లోపలికి వెళ్ళలేదు, టీ ఊసెత్తలేదు. "శుభ్రమైన ఇల్లు బాబూ, తీసుకో" అన్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. కుర్రాడు వెళ్ళేదాకా పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

"హొరియుచి గారూ, ట్రంపెట్ ఏమైంది?"

"ఎవరి ట్రంపెట్?"

"నాకు వద్దన్నారే, ముప్పై ఏళ్ళుగా నేర్చుకుంటున్నాయన!"

"ఓ, ఆయనా. పోయాడు."

"ఎప్పుడు?"

"మొన్న" అని, దినపత్రిక అడ్డం పెట్టుకున్నారు.

ఆ పూటే నాకు అర్థమైపోయిందనుకున్నాను. మంచి ఇళ్ళు వాళ్ళవాళ్ళకి, తిట్లు మాకు. నోటితో వద్దనే బ్రోకర్లే నయం, ఈయన తేనె పూసిన కత్తి అనుకున్నాను. మానేద్దామనుకున్నాను కూడా. అద్దె కట్టాలి కాబట్టి మానలేదు కానీ, నెల రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయన అది గమనించినట్టే లేదు.

అప్పుడొచ్చింది ట్వెట్. వియత్నాం అమ్మాయి, బెంటో అనే భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీలో పని, ఎనిమిదో నెల కడుపు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఫ్యాక్టరీ వసతిగృహంలో ఉంటున్నారు. అక్కడ పసిపిల్లలు ఉండకూడదని రూలు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఈలోగా ఇల్లు దొరక్కపోతే ట్వెట్ ఒక్కతే వియత్నాం వెళ్ళి కనాలి, మొగుడు ఇక్కడే ఉండాలి. బిడ్డ పుట్టకముందే తండ్రిని విడదీసే రూలు ఎవడు రాశాడో గానీ, వాడి చెయ్యి విరగ!

హొరియుచి గారు ఆరిళ్ళు తిట్టారు. ఏడోది సోగా గారి ఇల్లు. ఆవిడ ఇంటి వెనకే మేడమీద రెండు గదులు, దక్షిణం కిటికీ. ట్వెట్ ఆ పటం చేతిలో పట్టుకుని, ఉయ్యాల ఎక్కడ వెయ్యాలో వేలితో గీసుకుంటోంది. హొరియుచి గారు ఈసారి పావుగంట టీ పెట్టారు. బయటికొచ్చి ట్వెట్ చేతిలోని పటం తీసుకుని బల్ల మీద బోర్లించారు.

"ఎలుకలు" అన్నారు చివరికి. "పిల్లులంత ఎలుకలు. పసిబిడ్డని పెట్టుకుని ఆ ఇంట్లోనా? ఛీ!"

ఈ తిట్టు మాత్రం కొట్టు దాటింది. ట్వెట్ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ ఎలుకల సంగతి చెప్పింది. విన్నవాళ్ళలో సోగా గారి పక్కవీధి మనిషి ఉంది. ఆవిడ పేట సంఘంలో చెప్పింది. పేట సంఘం ఊరుకుంటుందా? ఇంటింటికీ తిరిగే నోటీసు అట్టకి ఒక కాగితం తగిలించింది: "సోగా గారి మేడమీద పెద్ద ఎలుకలు ఉన్నట్టు తెలిసింది. అందరూ జాగ్రత్తగా ఉండగలరు." చదివినవాళ్ళంతా పద్ధతి ప్రకారం చదివామని తమ పేరు ముద్ర వేసి పక్కింటికి పంపారు. పదిహేడు ఇళ్ళు తిరిగి ఆ అట్ట సోగా గారి గుమ్మం ముందుకొచ్చింది.

ఆవిడ ఆ అట్టతోనే మా కొట్టుకొచ్చింది. అప్పుడు ట్వెట్ నా పక్కనే కూర్చుని ఎనిమిదో ఇంటికి దరఖాస్తు నింపుతోంది.

"పదిహేడు ముద్రలు!" అట్టని బల్ల మీద ఠప్పున కొట్టింది సోగా గారు. "నా ఇంట్లో ఎలుకలని మీరే చెప్పారట! మంగళవారం ఫోన్లో నేనేమన్నాను హొరియుచి గారూ? విదేశీయులకి ఇవ్వనన్నాను. అంతే. ఎలుకలున్నాయని అన్నానా?"

ట్వెట్ పెన్ను ఆగింది. హొరియుచి గారి చెవులు ఎర్రబడ్డాయి, ఈసారి మా కళ్ళ ముందే.

"మరేం చెప్పమంటారు?" అన్నారు ఆయన. మెల్లగా మొదలుపెట్టి గొంతు పెంచారు. "ఈ పిల్ల మీ ఇంటి పటంలో ఉయ్యాల వేసుకుంటోంది. నువ్వు పనికిరావట, నీ పుట్టుక నచ్చలేదట అని నా నోటితో చెప్పనా? రోజుకి ముగ్గురికి చెప్పాలి ఆ మాట. చచ్చినా చెప్పను. అందుకని ఇంటిని తిట్టాను. ఇంటికి నొప్పి పుట్టదు."

"నాకు పుడుతుంది!" అని అరిచింది సోగా గారు. "నలభై ఏళ్ళు తుడుచుకున్న ఇల్లది!"

"ఈ పిల్లకి ఇరవై ఆరేళ్ళు. ఈ పిల్లనీ ఒక తల్లి తుడిచి, స్నానం పోసి పెంచింది."

నేను ఇద్దరి వంకా చూస్తున్నాను. ఎండ రాని ఇల్లు, ట్రంపెట్ ఇల్లు, మోచేతుల ఇల్లు, అన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. పదకొండు మంది నన్ను వద్దన్నారు. పదకొండు సార్లు ఆ మాట ఈయన లోపలే నిలబడి విని, తలుపు తీసుకుని వచ్చి ఇల్లు బాగాలేదన్నారు. ఆయన మీద నెల రోజులు మోసిన కోపమంతా ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

"అయితే నా పదకొండు ఇళ్ళూ..." అన్నాను.

"టీ పెట్టొస్తా" అని లేచారు ఆయన.

"కూర్చోండి!" అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు నేను. కూర్చున్నారు.

అప్పటిదాకా తల వంచుకున్న ట్వెట్ కాగితం పక్కన పెట్టింది. "అమ్మగారూ, ఎలుకల మాట ఫ్యాక్టరీలో చెప్పింది నేనే. లేవని కళ్ళతో చూస్తే, అందరికీ మళ్ళీ చెప్తాను."

"పద!" అంది సోగా గారు. "ఇప్పుడే పద!"

నలుగురం వెళ్ళాం. చెప్పుల దగ్గర నుంచే మొదలుపెట్టింది ఆవిడ. "ఈ అలమర తియ్యి. చూశావా? ఆ సింకు కింద చూడు." ట్వెట్ కడుపుతో వంగలేకపోతే, ఆవిడే మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, తల లోపలికి దూర్చి చూపించింది. చాపలు తళతళలాడుతున్నాయి. ఎలుక కాదు కదా, దాని బొచ్చు కూడా లేదు.

"ఉన్నాయా?"

"లేవండీ" అంది ట్వెట్. "కానీ ఒక్క పూటలో ఏం తెలుస్తుంది? ఉండి చూడాలి."

"ఎన్నాళ్ళు చూస్తావేంటి?"

"రెండేళ్ళండీ."

మా ఊళ్ళో అద్దె ఒప్పందం రెండేళ్ళకే రాస్తారు. సోగా గారు టార్చి ఆర్పింది. చాలాసేపు ట్వెట్‌ని చూసింది. ఆవిడ మనసు వెన్నలా కరిగిపోయిందని నేను చెప్పను, నాకింకా ఆవిడ మీద మంటగానే ఉంది. ఆవిడ ముందు పదిహేడు ముద్రలున్నాయి, ఎలుకలు లేవని చెప్పే సాక్షి కావాలి, అంతే.

"బిడ్డ ఏడుస్తుంది" అంది సోగా గారు.

"ఏడుస్తుందండీ."

"నేను ఎలాగూ నాలుగింటికే లేస్తాను" అంది ఆవిడ, ఎవరినో కసురుకున్నట్టు.

హొరియుచి గారు స్వెటరు లోపలినుంచి ఒప్పందం కాగితాలు తీశారు. ఎప్పుడు పెట్టుకున్నారో, ముద్రల సిరా కూడా తెచ్చుకున్నారు. ముద్రలు పడ్డాయి. ఇక ఇంటి గురించి ఒక మంచి మాట చెప్పడం మర్యాద. ఆయన నాలుగు గోడలూ చూశారు, కిటికీ చూశారు, చెమటలు పట్టాయి.

"మెట్లు మరీ నిటారు" అన్నారు. "నిండు నెలల మనిషి ఎలా ఎక్కుతుంది? బుద్ధున్నవాడెవడైనా ఇలా కడతాడా?"

నేను ఆయన కాలు తొక్కాను. సోగా గారు విసురుగా కిందికి దిగిపోయింది.

వారం తిరిగేసరికి ఆ మెట్ల పొడవునా పట్టుకోవడానికి కొత్త కర్ర కమ్మీ వచ్చింది. ఎవరికోసమని అడిగితే, తన మోకాళ్ళకోసమంది సోగా గారు. సామాను చేర్చిన రోజు ట్వెట్ ఆ కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, పైనుంచి మాకు చెయ్యి ఊపింది. హొరియుచి గారు కింద నిలబడి కళ్ళు తుడుచుకుంటూ కమ్మీని పైనుంచి కిందిదాకా చూశారు.

"రంగు బాగాలేదు" అన్నారు.