మోగుతున్న మగ్గాల వీధి

బరంపురంలోని మా వీధిలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే గొంతు పెంచవలసి వచ్చేది. ఇంటింటా గుంట మగ్గం ఉండేది. తెల్లవారింది మొదలు దీపాలవేళ వరకు ఆ చప్పుడు సాగుతూనే ఉండేది. ఆగిందంటే పండుగో, ఎవరి ఇంట్లోనో చావో అయి ఉండాలి.

చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న నన్ను మా పెదనాన్న పెంచాడు. ఆయనకు, పెద్దమ్మకు పిల్లలు లేరు. నా ఈడువాళ్ళందరూ పదేళ్ళకే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టారు. నన్ను మాత్రం ఆయన ఆ గుంట దగ్గరకు రానిచ్చేవాడు కాడు. పట్టుపోగు ముట్టుకోబోతే చేతిమీద మెల్లగా ఒకటి వేసి, పలక అందించేవాడు. ఆ విధంగా నేను మా వంశంలో మొదటి పట్టభద్రుణ్ణి అయ్యాను. మగ్గం తెలియని మొదటివాణ్ణి కూడా అయ్యాను. ఈ రెండవ సంగతి చాలాకాలం వరకు నా బుద్ధికి తట్టలేదు.

విజయనగరంలో చదువు ముగించి ఛత్రపురంలో సర్కారు కొలువులో చేరిన కొద్దికాలానికే వానలు వరుసగా రెండేళ్ళు తప్పాయి. పల్లెల్లో పంటలు లేవు గనుక పెళ్ళిళ్ళు జరగలేదు. పెళ్ళిళ్ళు లేవు గనుక పట్టుచీరలు కొనేవారు లేకపోయారు. షావుకార్లు నేతవారికి పట్టు ఇవ్వడం మానివేశారు.

సర్కారువారు దిగపహండి రోడ్డు మీద రాళ్ళు కొట్టే పని తెరిచి, కూలికి ధాన్యం కొలిచేవారు. బరంపురంలో వకీళ్ళు, వర్తకులు ఒక సంఘంగా చేరి గంజి పందిరి వేయించారు. ఒకరు చేసేది మరొకరికి తెలియదు. ఈ రెండింటిలో ఏదీ మా వీధికి చేరలేదు. రాళ్ళు కొట్టిన వేళ్ళు గరుకెక్కుతాయి, గరుకు వేలు తగిలితే పట్టుపోగు తెగిపోతుంది. మళ్ళీ పని దొరికిననాడు ఆ చెయ్యి మగ్గానికి పనికిరాదు. ఇక నలుగురి ఎదుట గంజి కోసం వరుసలో కూర్చోవడం అంటారా, మావాళ్ళకు అది ప్రాణం పోయినా చేతకాని పని.

సర్కారు పనినీ సంఘం పనినీ ఒక దారికి తెచ్చే బాధ్యతను పైవారు నాకు అప్పగించారు. ఎంతో శ్రద్ధతో ఒక పథకం రాశాను. బియ్యం సర్కారు ఇస్తుంది. సంఘం దాన్ని ఇళ్ళకే చేర్చి, గుమ్మం లోపల దింపుతుంది. పని లేని నేత ఇళ్ళ జాబితాను మాత్రం ఉభయులూ కలిసి తయారుచేయాలి. పైవారు దానికి ఒప్పుకున్నారు. ఆ రోజున నేను చదివిన చదువుకు ఒక అర్థం దొరికిందని అనుకున్నాను.

సంఘం సమావేశంలో చిక్కు జాబితా దగ్గరే వచ్చింది. పని లేదని ఏ నేతగాడూ నోరు తెరిచి చెప్పడు, ఎలా తేల్చడం అని పెద్ద వకీలుగారు అడిగారు. నేను లేచి, మధ్యాహ్నం వేళ వీధుల వెంట నడిస్తే చాలునని, మగ్గం మోగుతున్న ఇంట్లో పని ఉన్నట్లు, మోగని ఇంట్లో లేనట్లు రాసుకోవచ్చునని విన్నవించాను. బి.ఏ. అంటే ఇదయ్యా, మనం కళ్ళతో చూడలేనిది ఈయన చెవులతో చూస్తాడని వకీలుగారు మెచ్చుకున్నారు.

సమావేశానికి మా వీధి నుంచి వచ్చినవాడు ఒక్కడే, మా కులపెద్ద. మూలన నిలబడి ఉన్న ఆ ముసలాయన ఒడియా మర్యాదతో చేతులు జోడించాడు. "ఆజ్ఞా, సప్పుడు వింటే సాలదు బాబూ. లోపలికెల్లి సూడాల" అన్నాడు.

తలుపులు తోసి లోపలికి వెళితే మనవారి పరువు పోతుందని, మగ్గం అబద్ధం చెప్పదని నేను జవాబిచ్చాను. ఆయన నా చేతులవైపు చూశాడు.

"నువ్వు మగ్గం మీద కూకోనేదు గదా నాయినా."

అందరూ నవ్వారు. చదువుకున్నవాడి మీద ఎత్తిపొడుపనుకుని నేనూ నవ్వి ఊరుకున్నాను.

రెండు రోజుల తరువాత వకీలుగారు, ఒక వర్తకుడు, నేను కలిసి వీధులు తిరిగాం. మా వీధిలో అడుగుపెట్టేసరికి దాదాపు ప్రతి ఇంటా మగ్గం మోగుతున్నది. మీ వీధిని లక్ష్మి విడిచిపెట్టలేదయ్యా అని వకీలుగారు అంటే గర్వపడ్డాను. మా ఇంటి ముందు మాత్రం కావాలనే ఎక్కువసేపు ఆగలేదు. సొంతవారికి మేలు చేసుకున్నాడన్న మాట రాకూడదని నా పట్టుదల. లోపల మగ్గం చప్పుడు నాకు గుర్తున్నదానికంటే తేలికగా, వడిగా వినబడింది. ఈ వయసులోనూ పెదనాన్న చేతివేగం తగ్గలేదని ముచ్చటపడి, ఆయన పేరుకు ఎదురుగా 'పని కలదు' అని నా చేతులతోనే రాశాను.

పెద్దలను సాగనంపి ఇంటికి వెళ్ళాను. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. పట్టు మీద దుమ్ము పడుతుందని కప్పామన్నది పెద్దమ్మ. నాకు పీట వేసి అన్నం పెట్టింది. తాము ముందే తిన్నామన్నారు. చిక్కిపోయావేమని పెదనాన్నను అడిగితే, ముసలాడికి కండలతో ఏం పని, కుస్తీకి వెళ్ళాలా అని నవ్వించాడు. నేను మారు అడిగాను. పెద్దమ్మ గిన్నె అడుగు గోకి వేసింది. ఆ గరిటె చప్పుడు కూడా నాకేమీ చెప్పలేదు.

బయలుదేరేటప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "పెద్దల్తో సమానంగా నడిసి వత్తుంటే కిటికీలోంచి సూసినాన్రా. మాకేటి లోటు? ఎల్లిరా."

నెలన్నర తరువాత ఛత్రపురానికి కబురు వచ్చింది. నేను చేరేసరికి పెదనాన్నను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. జ్వరమన్నారు. పైపంచె తొలగిన చోట కనబడిన ఎముకలు వేరే మాట చెప్పాయి.

నేతగాడు పోతే అతను ఆఖరున నేస్తున్న బట్టలోంచి ఒక పోగు తీసి, కుడి మణికట్టుకు కట్టి సాగనంపడం మా వీధి ఆచారం. కొడుకు స్థానంలో ఉన్నవాణ్ణి నేనే గనుక లేచి వెళ్ళి మగ్గం మీది దుప్పటి ఎత్తాను.

పడుగు లేదు, పేక లేదు. ఉత్త కర్రలు. పేకను అటూ ఇటూ నడిపే నాడెలో ఒక్క పోగైనా లేదు.

నా వెనకాల పెద్దమ్మ వచ్చి నిలబడింది. ఆమె ఏడవడం లేదు.

"నాలుగు నెలలైనాది షావుకారు పట్టు ఇచ్చి. నువ్వు పెద్దల్తో వత్తన్నావని తెలిసి మీ పెదనాన లేసి కూకున్నాడు. ఉత్త మగ్గమే ఆడించినాడు. మనింట్లో పని నేదని నీ సేత్తో రాయాలా, ఆళ్ళ ముందు నీకు సిన్నతనం గదా అన్నాడు."

పోగు మాత్రం కావాలి. పక్కింటికి వెళ్ళి ఒక్క పట్టుపోగు ఇమ్మని అడిగాను. ఆ ఇంటాయన తల దించుకున్నాడు. ఎదురింట్లో అడిగాను. ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూడో ఇంట్లో, నాలుగో ఇంట్లో అదే జరిగింది. పక్కవాడికి పని ఉన్నదని ప్రతివాడూ నమ్మి, తనకు లేదని పక్కవాడికి తెలియకూడదని ఉత్త మగ్గం ఆడిస్తూ వచ్చాడు. నేను జాబితాలో 'పని కలదు' అని రాసిన ఇళ్ళన్నీ అవే. అంత పెద్ద వీధిలో చనిపోయినవాడి చేతికి కట్టడానికి ఒక పోగు దొరకలేదు.

నేను ఉత్తచేతులతో తిరిగి వచ్చాను. పెద్దమ్మ పెట్టెలోంచి తన పెళ్ళిచీర తీసి, అంచు నుంచి ఒక పోగు లాగి నాకిచ్చింది. అది పెదనాన్న నేసిన చీరే. పట్టుపోగు నా వేళ్ళ మధ్యకు రావడం అదే మొదటిసారి. నా చేతిమీద కొట్టేవారు లేరు. ముడి సరిగా పడక రెండుసార్లు జారిపోతే, కులపెద్ద వంగి నా వేళ్ళు పట్టుకుని వేయించాడు.

మూడవనాడు వకీలుగారి దగ్గరకు వెళ్ళి, తప్పు నాదని చెప్పి, జాబితా చింపివేయమని వేడుకున్నాను. ఆయన మారుమాట లేకుండా చింపివేశారు. ఈసారి కులపెద్ద ముందు నడిచాడు. ప్రతి గుమ్మం ముందు ఆయన పేరుపెట్టి పిలిచి, దాపరికం చాలమ్మా అంటే, లోపల మోగుతున్న మగ్గం ఆగేది, తలుపు తెరుచుకునేది. నేను లోపలికి వెళ్ళి చూసి రాశాను. ఆ తరువాత సర్కారూ సంఘమూ చేయీ చేయీ కలిపి పనిచేశాయి. పథకం బాగా నడిచిందని పైవారు మెచ్చుకుంటూ రాశారు. ఆ కాగితాన్ని నేను రెండవసారి చదవలేదు.

సంఘంవారి బండి మా వీధికి వచ్చింది పెదనాన్న పోయిన పదవనాటి ఉదయం. మొదటి బియ్యం గంప మా గుమ్మం లోపల, నేను పథకంలో రాసినట్లే దింపారు. పెద్దమ్మ దానివైపు చూసి, అందులోంచి దోసెడు తీసి కడిగి పొయ్యిమీద పెట్టింది. ఆ బియ్యంతోనే పెదనాన్నకు పిండం పెట్టాను.